మెరుగు, అరుగుదల – తిరుపతి తేరుల సంరక్షణ కథ

కారు అన్న మాట వినగానే నేటి పిల్లలకు నాలుగు రబ్బరు చక్రాల మోటారుబండి ఒక్కటే స్ఫురిస్తుంది. కాని ఆ మాట వయస్సు మోటారు వయస్సు కంటె చాలా ఎక్కువ. ప్రాచీన గాల్ జాతివారు చక్రాల బండికి వాడిన మాట లాటిన్ భాషలో చేరి, అక్కడినుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. మోటారు పుట్టక మునుపు ఇంగ్లీషు కవులకు కారు అంటే రథమే. ఆ కారణం చేతనే దక్షిణదేశానికి వచ్చిన ఆంగ్లేయులు మన గుడి తేరును చూచి 'టెంపుల్ కార్' అని వ్రాసుకున్నారు. తేరు తిరిగే వీధి వారి కాగితాలలో 'కార్ స్ట్రీట్' అయినది. ఇప్పటికీ దక్షిణాదిన ఎన్నో దేవాలయపట్టణాలలో ఆ పేరు నిలిచి ఉన్నది. ఆ వీధిలో కార్లు నిలుపుతారు కాబట్టి ఆ పేరు వచ్చినదని కుర్రవాళ్ళు అనుకుంటే వారి తప్పేమీ లేదు. చెప్పవలసిన మనమే చెప్పలేదు.

తేరు అన్నది అచ్చమైన ద్రావిడ పదం. తమిళులకు తేర్, కన్నడిగులకు తేరు, మనకూ తేరే. సంస్కృతం నుండి రథమూ వాహనమూ వచ్చి చేరినా, మా చిత్తూరు ప్రాంతపు పల్లెలలో ఇప్పటికీ 'తేరు లాగినారా?' అనే అడుగుతారు. తిరుపతి కపిలతీర్థంలో కపిలేశ్వరస్వామి రథోత్సవానికి 'భోగితేరు' అని పేరు. తమిళదేశానికి పొరుగున ఉన్న మా సీమ భాషలో ఈ మాట చెక్కు చెదరక నిలిచింది.

పాతకార్లను ముద్దుగా పెంచుకొనేవారికి లోకమంతటా ఒక ప్రదర్శనల ఋతువు ఉన్నది. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన పెబుల్ బీచ్‌లో 1950 నుండి ఇటువంటి ప్రదర్శన జరుగుతున్నది. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఢిల్లీలో పాతకార్ల ర్యాలీని ప్రారంభించారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూచి ఆగని యాత్రికుడు ఉండడు. దానిని తెప్పించబూనిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1911లోనే కాలధర్మం చెందడంతో ఎక్కే యోగం ఆయనకు లేకపోయింది. 50 ఏళ్ళు దాటిన బండ్లను 'వింటేజ్' వాహనాలుగా గుర్తించి, వాటికి ప్రత్యేకమైన నంబరు ఇచ్చే నియమాలను 2021లో కేంద్రప్రభుత్వం తెచ్చింది.

ఈ యజమానులు ప్రదర్శనకు నెలల ముందే పనికి దిగుతారు. కడగడం, మెరుగు పెట్టడం, మైనం పూయడం, గుడ్డ కప్పడం – ఇదీ వరుస. వారిని అడిగితే ముందుగా చెప్పే హెచ్చరిక ఒకటి ఉన్నది. మెరుగు పెట్టడమంటే పైపొరను అరగదీయడమే. పాతకాలపు రంగుపూత పలుచనిది. రుద్దిన ప్రతిసారీ గుడ్డకు ఆ రంగే అంటుకొని వస్తుంది. ఈసారి బహుమతి తెచ్చిన రుద్దుడే పదేళ్ళకు లోపలి ఇనుమును బయట పెడుతుంది. కాబట్టి అనుభవజ్ఞులు రుద్దడం తగ్గించి, పైన మైనపు పొరను వేస్తారు. ఎండకూ దుమ్ముకూ ఆ మైనం బలి అవుతుంది, అసలు రంగు బ్రతుకుతుంది.

ఈ వివేకం మోటారుతోపాటు పుట్టినది కాదు. ప్రపంచంలో అతి దీర్ఘమైన 'ప్రదర్శన ఋతువు' కలిగిన ఊళ్ళలో మా తిరుపతి ఒకటి అని నేనంటే పాఠకులు నవ్వవద్దు. చైత్రం దగ్గరలో కోదండరామునికి, వైశాఖంలో గోవిందరాజస్వామికి, ఆశ్వయుజంలో తిరుమల శ్రీవారికి, కార్తికంలో తిరుచానూరు అమ్మవారికి, మాఘంలో కపిలేశ్వరునికి బ్రహ్మోత్సవాలు. అదే మాఘంలో శ్రీకాళహస్తిలో శివరాత్రి, భాద్రపదంలో కాణిపాకంలో వినాయకుని ఉత్సవాలు. ఏడాది పొడుగునా ఏదో ఒక వీధిలో ఏదో ఒక వాహనం కదులుతూనే ఉంటుంది. వందల ఏండ్లుగా ఎండకూ వానకూ కర్పూరపు పొగకూ లక్షలాది జనుల చేతి స్పర్శకూ ఎదురు నిలిచే ఈ వాహనాలను కాపాడిన విధానం ఏమిటి? అది నేటికీ నిలిచి ఉన్నదా? ఈ వ్యాసంలో విచారింపదలచినది ఇదే.

ముందుగా శాసనాల మాట. తిరుమల తిరుపతి దేవాలయాలలో వెయ్యికి పైగా శాసనాలు ఉన్నవి. దేవస్థానం శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వాటిని చదివి 1930లో నివేదిక వెలువరించారు. తరువాత అవి సంపుటాలుగా అచ్చయినవి. వాటిలో ప్రాచీనమైన వానిలో ఒకటి పల్లవ వంశపు ఇల్లాలు సామవై వేయించినది. ఆమె వెండితో చేయించి సమర్పించిన మూర్తే నేడు భోగశ్రీనివాసునిగా పూజలందుకొంటున్నది. పురట్టాసి మాసపు ఉత్సవానికి, మార్గళి మాసపు ఉత్సవానికి కూడ ఆమె భూములు ఇచ్చింది. ఇందులో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. మూర్తిని ఇచ్చి ఊరుకోలేదు. ఆ మూర్తికి ఏటేటా జరుగవలసిన దానికి ఆదాయం కూడ చూపింది. వస్తువును ఇచ్చేవాడు దాని పోషణకూ ఇవ్వవలెనన్నది ఆనాటి దాతల నీతి. నేటి దాతలు శిలాఫలకం మీద పేరు చూచుకొని తృప్తి పడతారు; ఆ వస్తువును ఎవరు తుడుస్తారని అడిగేవారు అరుదు.

తరువాత రాజుల కాలం వచ్చింది. సాళువ మంగిదేవుడు 1359లో ఆనందనిలయ విమానం మీద బంగారు కలశం నిలిపినాడు. శ్రీకృష్ణదేవరాయలు 1518లో 30,000 వరహాలతో ఆ విమానానికి బంగారు పూత పెట్టించినాడు. ఆ బంగారం మీద ఎన్ని వానలు కురిసినవో, ఎన్ని ఎండలు కాచినవో! బంగారానికి తుప్పు లేదు, చిలుము లేదు. కాని దాని కింద ఉన్న రాగికి ఉన్నది. మలాము పొర ఎంత పలుచనో మన కంసాలులకు బాగా తెలుసును. రుద్దితే బంగారమే పోతుంది, ఎర్రని రాగి బయటపడుతుంది. కాబట్టి బంగారు పూత ఉన్నదానికీ ఉత్త ఇత్తడికీ ఒకే రీతి శుభ్రత పనికిరాదు.

మా ఇళ్ళలో ఆడవారికి ఈ భేదం ఏ శాస్త్రమూ చదువకుండానే తెలుసు. ఇత్తడి బిందెకు చింతపండు, రాగి చెంబుకు చింతపండుతో కాస్త ఉప్పు, వెండి కుందులకు విభూతి లేక కుంకుడు రసం, బంగారు గొలుసుకు కుంకుడు నురుగు ఒక్కటే. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. చింత చచ్చినా పులుపు చావదన్నారు కదా, ఆ పులుపే ఇక్కడి పనిముట్టు. కుంకుడుకాయలోని నురుగు జిడ్డును మాత్రమే పట్టుకొని పోతుంది, లోహం జోలికి పోదు. విభూతి మెత్తని సానరాయి వంటిది; వెండి నలుపును తీస్తుంది, దానితోపాటు రవ్వంత వెండినీ తీసుకొంటుంది. అందుకే నగిషీ ఉన్న పాత వెండి కుందిని మా పెద్దవాళ్ళు పండుగకు తప్ప తోమనిచ్చేవారు కారు. 'రోజూ తోమితే లత పోతుంది, బొమ్మ పోతుంది, కుంది మిగులుతుంది' అనేవారు.

ఇంటిలో ఉన్న ఈ వివేకమే గుడిలో పద్ధతిగా, క్రమశిక్షణగా రూపు దాల్చింది. తిరుమలలో వైఖానస ఆగమం, తిరుచానూరులో పాంచరాత్రం. ఆగమం ఏదైనా శుద్ధికి ఒక కాలక్రమం ఉన్నది. శ్రీవారి మూలమూర్తికి శుక్రవారం నాడు మాత్రమే అభిషేకం. ప్రతిదినమూ అభిషేకం అందుకొనేది వెండి భోగశ్రీనివాసుడు. ఇది వారపు లెక్క.

ఇక సంవత్సరంలో నాలుగు మార్లు – ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవం, వైకుంఠ ఏకాదశి పర్వాలకు ముందు వచ్చే మంగళవారం నాడు – కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. కోయిల్ అంటే గుడి. ఆళ్వార్ అంటే భక్తుడు. గుడినే ఒక భక్తునిగా భావించి చేయించే మంగళస్నానం అన్నమాట. ఆనందనిలయం మొదలు బంగారువాకిలి వరకు, ఉపాలయాలు, గోడలు, పైకప్పులు, పూజాసామగ్రి అన్నీ నీటితో శుద్ధి చేస్తారు. ఆ తరువాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధపు పొడి, కుంకుమ, కిచిలిగడ్డ మొదలైనవి కలిపిన 'పరిమళం' అనే ద్రవ్యాన్ని అంతటా పూస్తారు. కర్పూరానికీ పసుపుకూ పురుగును దూరం చేసే గుణం ఉన్నదని బియ్యపు డబ్బాలో, బట్టల పెట్టెలో వాటిని వేసే మన గృహిణులకు తెలిసినదే.

ఈ తిరుమంజనంలో నన్ను ఆకర్షించే అంశం మరొకటి. పని ప్రారంభానికి ముందు మూలమూర్తిని వస్త్రంతో పూర్తిగా కప్పివేస్తారు. శుద్ధి అంతా ముగిసిన తరువాతనే ఆ వస్త్రాన్ని తొలగించి నైవేద్యం పెడతారు. భక్తిపరంగా దీనికి చెప్పే అర్థం చెప్పనిండు; పనివాని దృష్టితో చూచినా ఎంత తెలివైన ఏర్పాటు! దేనిని కడగకూడదో దానిని మొదట కప్పుకోవలెను. పాతకార్లకు మెరుగు పెట్టే పనివారు అద్దాల అంచులకూ తళుకు లోహానికీ ముందుగా కాగితపు పట్టీలు అంటించుకొనేది ఇందుకే.

సంవత్సరానికి ఒకసారి జరిగేది జ్యేష్ఠాభిషేకం. దీనికే అభిద్యేయక అభిషేకం అని మరో పేరు. జ్యేష్ఠమాసంలో జ్యేష్ఠా నక్షత్రం నాటికి ముగిసేటట్లు మూడు రోజులు చేస్తారు. ఉత్సవమూర్తులకు ఉన్న బంగారు కవచాన్ని తీసి, అభిషేకాలు చేసి, మొదటి రోజు వజ్రకవచం, రెండవ రోజు ముత్యాలకవచం, మూడవ రోజు మరల స్వర్ణకవచం సమర్పిస్తారు. ఆ స్వర్ణకవచం వచ్చే జ్యేష్ఠం దాకా తీయరు. ఈ సేవకు దేవస్థానంవారు చెప్పే ప్రయోజనం సూటిగా ఉన్నది: తరతరాల అభిషేకాల వలన ప్రాచీనమైన ఉత్సవమూర్తులు అరిగిపోకుండా పరిరక్షించడం. అంటే పూజ వలన కూడ మూర్తి అరుగుతుందని పూజించేవారే అంగీకరించి, దానికి ఉపాయం చూచుకొన్నారు. ఇటీవలి సంవత్సరాలలో వారానికో దినానికో జరిగే కొన్ని అభిషేకసేవలను ఏడాదికొకమారుగా మార్చినది కూడ ఈ కారణం చేతనే. భక్తులకు టిక్కెట్లు తగ్గినవి. మూర్తులకు ఆయుష్షు పెరిగింది.

పన్నెండేండ్లకు ఒకసారి వచ్చేది అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం. తిరుమలలో ఇది 2018 ఆగస్టులో జరిగింది. మూర్తి కళను తాత్కాలికంగా బాలాలయంలోని కలశాలలోనికి ఆవాహన చేసి, పీఠం చుట్టూ సడలిన సందులను ఎనిమిది ద్రవ్యాలతో నూరిన అష్టబంధనంతో మూసి, మరల ప్రాణప్రతిష్ఠ చేస్తారు. దినానికి, వారానికి, మూడు నెలలకు ఇంచుమించుగా, ఏటికి, పుష్కరానికి – ఇంత చక్కని నిర్వహణ పట్టికను ఏ మోటారు కంపెనీ తన చిన్న పుస్తకంలో అచ్చు వేసినది?

గర్భాలయానికి ఇంత క్రమం ఉన్నది. మరి వీధిలోనికి వచ్చే వాహనాల సంగతి?

తిరుమల బ్రహ్మోత్సవాలలో పెద్దశేషవాహనంతో మొదలై హంస, సింహ, కల్పవృక్ష, గరుడ, హనుమంత, గజ, సూర్యప్రభ, చంద్రప్రభ వాహనాలు వరుసగా వస్తాయి. ఎనిమిదవ రోజు ఉదయం రథం, రాత్రి అశ్వవాహనం. తొమ్మిదవ రోజు చక్రస్నానం. వీనిలో చాలవరకు లోపల కొయ్య ఎముక, పైన లోహపు చర్మం కలవి. చెక్కిన కొయ్యకు రాగిరేకు తొడిగి, దానికి బంగారు మలాము పెడతారు. పొడవైన మోతకొయ్యలను తండ్లు అంటారు. వాటిని భుజాన పెట్టుకొని బోయీలు మోస్తారు. వాహనానికి బయట దుమ్ము, పొగ, నెయ్యి, హారతి మసి పడుతుంది. లోపల కొయ్యకు తేమ, పురుగు. బయటిది కంటికి కనబడుతుంది కాబట్టి పండుగకు ముందు తుడుస్తారు. లోపలిది కనబడదు, అక్కడే ప్రమాదం.

మహారథం కథ వేరు. అది ప్రధానంగా కొయ్య. దానికి స్టీరింగు లేదు, ఇంజను లేదు. మోకులు పట్టిన జనమే ఇంజను, చక్రాల కింద కొయ్యమొద్దులు వేసి మలుపు తిప్పే పనివాడే సారథి. మాడవీధి మూలల వద్ద తేరు తిరగడం చూచినవారికి ఆ మొద్దు వేసేవాని చేతిలో ఎందరి ప్రాణాలు ఉన్నవో తెలుసును. తేరుకు శుభ్రత అంటే మొదట ఇరుసు, కందెన, కడచీల, చక్రాల ఇనుప పట్టా. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. గుడి తేరుకు ఆ సంగీతం మేళతాళాల మధ్య వినబడదు, అదీ చిక్కు. రంగులు, పతాకాలు, పూలు, అరటిబోదెలు ఆ తరువాతి మాట.

ఒకప్పుడు ఈ రథాల కొయ్యను కొండమీదికి చేర్చడమే గొప్ప కార్యం. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో తెరిచారు. అంతకు మునుపు కాలిబాటలు తప్ప వేరు దారి లేదు. ఏది పైకి పోవలెనన్నా మనిషి బలంతోనే పోవలెను. అంత కష్టపడి తెచ్చిన దూలాన్ని ఎవరు అశ్రద్ధ చేస్తారు? లారీ వచ్చిన తరువాత కొయ్య సులభమయింది. సులభమైన వస్తువుకు శ్రద్ధ తగ్గడం లోకసహజం.

ఇక్కడ పూరీని తలచుకోవలెను. జగన్నాథుని మూడు రథాలనూ ఏటేటా కొత్త కొయ్యతో, అక్షయతృతీయ నాడు మొదలుపెట్టి నిర్మిస్తారు. యాత్ర ముగియగానే విప్పివేస్తారు. అక్కడ రథం నిలువదు. రథం చేసే విద్య నిలుస్తుంది. ప్రతి సంవత్సరం చేయవలసి వస్తుంది కాబట్టి తండ్రి చేతి పని కొడుకు చేతికి ఏటేటా అందుతుంది. మన దక్షిణాదిన రథాన్నే నిలుపుకొంటాము. ఒక తరం చేసిన తేరును మూడు తరాలు లాగుతాయి. దీనిలో గొప్పతనం ఉన్నది, ఆపదా ఉన్నది. కొత్తది చేసే అవసరం అరవై ఏండ్లకు ఒకసారి వస్తే, మొదటిసారి చేసినవాడు రెండవసారికి ఉండడు. కాబట్టి మన పద్ధతిలో సంరక్షణే విద్య. ఆ సంరక్షణ తెలిసిన చేతులు పోతే తేరూ పోతుంది, విద్యా పోతుంది.

అటువంటి నష్టాలకు చరిత్రలో సాక్ష్యాలు ఉన్నవి. తమిళనాడులో తిరువారూరు త్యాగరాజస్వామి ఆళితేరు దేశంలోని అతిపెద్ద తేరులలో ఒకటి. అలంకారంతో కలిపి 96 అడుగుల ఎత్తు అంటారు. పాతతేరు 1926లో అగ్నికి ఆహుతి అయినది. మరల 1930లో కొత్తది కట్టారు. తరువాతి కాలంలో తిరుచిరాపల్లి బి.హెచ్.ఇ.ఎల్. వారు దానికి ఇనుప చక్రాలు, హైడ్రాలిక్ బ్రేకులు అమర్చినారు. పాత రూపాన్ని చెడగొట్టకుండా కొత్త సాంకేతికతను ఎక్కడ చేర్చవలెనో దీనివలన నేర్చుకోవచ్చును.

మన రాష్ట్రంలోనే 2020 సెప్టెంబరు 6వ తేదీ తెల్లవారుజామున అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. సుమారు 60 ఏండ్ల నాటి టేకు రథం, 40 అడుగుల ఎత్తు. ఆరునెలలు తిరగకముందే, 2021 ఫిబ్రవరి 19న రథసప్తమి నాడు కొత్త రథం సిద్ధమయింది. శీఘ్రంగా కట్టినవారిని అభినందింపవలసినదే. కాని అరవై మాఘమాసాల మోకుల ఒరపిడితో నునుపెక్కిన ఆ దూలాలు తిరిగి రావు.

అదే నెలలో విజయవాడ కనకదుర్గ ఆలయపు వెండిరథానికి ఉన్న నాలుగు వెండిసింహాలలో మూడు కనబడటం లేదని బయటపడింది. 2019 ఉగాది తరువాత ఆ రథం వీధికి రాలేదు. గుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ దుమ్మునుండి కాపాడింది. కాని లోపల ఏమి జరిగినదో కూడ దాచిపెట్టింది. కప్పడం కాపాడటం కాదు. కప్పినదానిని నియమంగా విప్పి చూచుకోవడమే కాపాడటం. కాణిపాకంలోనైనా కాళహస్తిలోనైనా తేరు షెడ్డు తలుపు ఉత్సవానికి వారం ముందు తెరిస్తే చాలదని అంటున్నది ఇందుకే.

తిరుమలలో కోవిడ్ కారణంగా 2020లోనూ 2021లోనూ బ్రహ్మోత్సవాలు ఆలయం లోపల ఏకాంతంగా జరిగినవి. మాడవీధులలో తేరు కదలలేదు. 2022లో మరల జనం మోకులు పట్టినారు. కదలని బండికి కదిలే బండి కంటె ఎక్కువ శ్రద్ధ కావలెనని ఎద్దులబండి తోలినవారికి తెలుసు. నిలిచిన చక్రం ఒకేచోట బరువు మోస్తుంది. నేల తేమ అదే చోట పీలుస్తుంది. చెద ఆ మూలనుండే ఎక్కుతుంది. గారేజీలో నిలిపిన పాతకారును వారానికొకసారి నాలుగడుగులు కదిలించేది కూడ ఇందుకే.

ఇక బంగారం మోజు సంగతి కూడ చెప్పక తప్పదు. తిరుమలలో 2013లో కొత్త స్వర్ణరథం వచ్చింది. 32 అడుగుల ఎత్తు, 74 కిలోల బంగారం. కన్నుల పండువుగానే ఉన్నది. కాని అన్ని ఆలయాలూ అదే దారి పట్టి, కొయ్యను రేకుతో కప్పి, రేకుకు పూత వేసి, ఆ మెరుపునే సంరక్షణ అనుకోవడం నాకు భయం కలిగిస్తుంది. రేకు కింద కొయ్య ఊపిరాడక పుచ్చితే పైకి తెలియదు. చెక్కడంలోని ఉలి జాడలు రేకు కింద మాయమవుతాయి. ఈ సంగతి తిరుమలలోనే ఒకమారు పెద్దయెత్తున చర్చకు వచ్చింది. ఆలయపు గోడలకు బంగారు తాపడం చేసే 'ఆనందనిలయం అనంతస్వర్ణమయం' పథకం 2008లో మొదలయింది. గోడల మీది ప్రాచీన శాసనాలకు హాని కలుగుతుందని అభ్యంతరాలు వచ్చినవి. 2009లో హైకోర్టు తీర్పుతో ఆ పథకం ఆగింది. సామవై మొదలుకొని రాయల దాకా ఎందరో గోడ మీద వ్రాయించిన మాటలను బంగారంతో కప్పివేస్తే మెరుపు మిగులుతుంది, చరిత్ర మిగలదు. మెరిసేదంతా బంగారం కాదన్న సామెతకు ఇక్కడ మరొక అర్థం తోస్తుంది: విలువైనదంతా మెరవదు.

అలంకారపు బట్టల విషయంలోనూ ఇంతే. శ్రీకాళహస్తి కలంకారీ గుడి తెరలకూ రథాల అలంకరణకూ పుట్టి పెరిగిన కళ. గుడ్డను పాలలో, కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టి, బెల్లమూ ఇనుపముక్కలూ పులియబెట్టిన నల్లరంగుతో కలం పట్టి గీతలు గీసి, పటిక అద్ది, రంగులు కాచి, పలుమార్లు స్వర్ణముఖి నీటిలో ఉతికి తీస్తారు. ఇంత ఉతుకు తట్టుకొన్న రంగు ఎండకు మాత్రం వెలిసిపోతుంది. కాబట్టి అటువంటి తెర ఉత్సవం నాడు వెలుగు చూచి, మిగిలిన రోజులు చీకటిలో చుట్టలుగా పడుకోవలెను. దానికి బదులు ఇప్పుడు ప్లాస్టిక్ బ్యానర్లు తేరుకు కడుతున్నారు. ఉత్సవం అయిపోగానే చెత్తబుట్ట. సంరక్షణ అవసరమే లేని వస్తువుకు మనసులో చోటు కూడ ఉండదు.

నిరాశతో ముగించడం నా అభిమతం కాదు. ఏర్పేడు మండలంలోని మాధవమాల గ్రామంలో కొయ్యచెక్కడపు కుటుంబాలు ఇంకా ఉలి పట్టుకొనే ఉన్నవి. తిరుపతిలో దేవస్థానంవారి సంప్రదాయ శిల్పకళాశాల 1960 నుండి విద్య నేర్పుతున్నది. చేతులు ఉన్నవి, వాటికి పని కావలెను. కొత్తరథం చేయించే దాతలు దొరుకుతున్నారు. పాతరథాన్ని ఏటేటా పరీక్షించి, సడలిన చీల మార్చి, నూనె పట్టించే పనికి నిలకడైన ఆదాయం చూపే దాత ఒక్కడు దొరికితే, అతడు సామవై వంశంవాడే అవుతాడు.

చేయవలసిన పనులు పెద్దవి కావు. షెడ్డులో కరెంటు తీగ, దీపపు ప్రమిద తేరు దగ్గర ఉండకూడదు. తేరు పాదాలు తడినేలను తాకకూడదు, గాలి ఆడవలెను. నెలకొకసారి గుడ్డ తీసి ప్రతి భాగాన్ని చూచి, ఫోటో తీసి, తేదీ వేసి పుస్తకంలో వ్రాయవలెను. బంగారు పూత మీద అంగడిలో దొరికే ఇత్తడి పాలిష్ ఎన్నటికీ పడకూడదు; మెత్తని గుడ్డ, కుంకుడు నురుగు, మంచినీరు చాలు. అరిగిన పాతముక్కను తీసివేసినప్పుడు పారవేయక, కొత్త పనివానికి నమూనాగా దాచవలెను. మా జిల్లా 2022 ఏప్రిల్ 4న చీలి, తిరుపతి, చిత్తూరు వేరువేరు జిల్లాలలో చేరినవి. కొత్త కార్యాలయాలకు పాత దస్తరాలు పంచుకొన్నారు. ఆ దస్తరాలతోపాటు ఏ ఊళ్ళో ఏ తేరు ఉన్నది, ఎప్పుడు చేసినది, ఎవరు చేసినది అన్న జాబితా కూడ రెండు జిల్లాలలోనూ సిద్ధమైతే ఎంత బాగుండును!

ఇల్లు అలకగానే పండుగ కాదన్నారు పెద్దలు. నిజమే. కాని ఇల్లు అలకకుండా ఏ పండుగా రాదు. బ్రహ్మోత్సవానికి లక్షల మంది వస్తారు. దానికి ముందు మంగళవారం నాడు గోడలకు పరిమళం పూసే చేతులను చూచేవారు కొద్దిమంది. వచ్చే ఏడాది తేరు చూడబోయినప్పుడు, పైనున్న స్వామికి నమస్కరించిన తరువాత ఒక్క క్షణం చూపు దించి చక్రాన్ని, ఇరుసును, మొద్దు పట్టుకొని నిలిచిన పనివానిని కూడ చూడండి. మీ పక్కన ఉన్న పిల్లవానికి అది 'కారు' అన్న మాట అసలు అర్థమని చెప్పండి.

స్వస్తి.